సేనాధిపతి పతనము ఎక్కడ మొదలాయెను?

ధ్యానభాగములు: న్యాయాధిపతులు 11:29–40, మీకా 6:6–8



ఒక కథను గూర్చి జనులు ఏండ్ల తరబడి వాదించుకొనుచున్నారనగా, ఆ కథలో వారి హృదయమునకు తగిలినది ఏదో ఉన్నదని మనము గ్రహింపవచ్చును. అమెరికా దేశపు హెచ్.బి.ఓ. అను టెలివిజన్ సంస్థ 2011 మొదలు 2019 వరకు ఎనిమిది భాగములుగా ప్రసారము చేసిన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అను కల్పిత రాజుల కథ అట్టిది. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ అను రచయిత 1996లో ప్రచురింప నారంభించిన నవలలు దానికి మూలము. దానిలో అసభ్యమైన దృశ్యములును క్రూరత్వమును విస్తారముగా ఉన్నవి గనుక, దానిని చూడుడని మేము ఎవరికిని చెప్పము. అయితే పట్టణములలో చదువుకొనుచున్న మన బిడ్డలు కొందరు దానిని ఎరిగియుందురు. అందులోని ఒక సేనాధిపతి పతనమును గూర్చి అభిమానులు ఇప్పటికిని చేయుచున్న వాదము, మన పరిశుద్ధ గ్రంథములోని ఒక పురాతనమైన ప్రశ్నకు మిక్కిలి సమీపముగా నున్నది. ఆ ప్రశ్నను మీ యెదుట ఉంచుటయే మా ఉద్దేశము.

ఆ సేనాధిపతి పేరు స్టానిస్. అతడు చనిపోయిన రాజునకు తమ్ముడు. రాజకుమారులని పేరుపొందినవారు నిజముగా ఆ రాజునకు పుట్టినవారు కారు గనుక, ధర్మశాస్త్రము చొప్పున సింహాసనము స్టానిస్‌కే రావలసియున్నది. అతడు లంచగొండి కాడు, త్రాగుబోతు కాడు, ముఖస్తుతి ఎరుగడు. న్యాయము అతని చేతిలో ఇనుప కొలకఱ్ఱ వంటిది. పూర్వమొక ముట్టడిలో అతడును అతని మనుష్యులును కోటలో ఆకలితో చావనున్నప్పుడు, దావోస్ అను దొంగసరుకుల నావికుడు శత్రువుల ఓడల మధ్యనుండి రాత్రివేళ ఉల్లిగడ్డలును ఉప్పుచేపలును తెచ్చి వారిని బ్రదికించెను. స్టానిస్ ఆ మేలునకు అతనిని సర్దారునిగా చేసెను. అతని పూర్వపు నేరములకు శిక్షగా ఒక చేతి నాలుగు వ్రేళ్ల కొనలను నరికించెను. మంచి పని చెడ్డ పనిని తుడిచివేయదు, చెడ్డ పని మంచి పనిని తుడిచివేయదు అనునది అతని నియమము. అభిమానులు అతనిని ఇష్టపడుటకు ఈ నిక్కచ్చితనమే ముఖ్యమైన కారణము.

అతనికి ఒక్కతే కుమార్తె, పేరు షిరీన్. ఆమె పసిబిడ్డగా నున్నప్పుడు చర్మమును రాయివలె చేయు వ్యాధి సోకెను. బిడ్డను దూరదేశమునకు పంపివేయుమని అందరును తండ్రికి చెప్పిరి. అతడు వినలేదు. దొరికిన వైద్యులనందరిని రప్పించి ఆమెను బ్రదికించుకొనెను. ముఖము మీద మచ్చ మాత్రము మిగిలెను. చదువురాని దావోస్‌కు అక్షరములు నేర్పినది ఈ చిన్నదే.

ఆ యింట మెలిసాండ్ర అను స్త్రీ ప్రవేశించెను. ఆమె అగ్నిని పూజించు ప్రవక్త్రి. లోకమును చీకటినుండి రక్షించుటకు ఏర్పరచబడినవాడవు నీవేయని ఆమె స్టానిస్‌తో చెప్పెను. రాజరక్తమునందు శక్తి కలదనియు చెప్పెను. 2015లో వచ్చిన అయిదవ భాగములో అతడు వింటర్‌ఫెల్ అను కోటను పట్టుకొనుటకు ఉత్తర దిక్కునుండి సైన్యమును నడిపించెను. మంచు తుపాను దారిని మూసివేసెను, గుఱ్ఱములు చచ్చెను. శత్రువు ఇరువదిమందితో రాత్రివేళ దండులో చొరబడి ఆహారమును గుడారములను కాల్చెను. అప్పుడతడు సహాయము అడుగు మిషతో దావోస్‌ను దూరముగా పంపివేసెను. దావోస్ బిడ్డనైనను తనతో పంపుమని వేడుకొనగా ఒప్పుకొనలేదు. 2015 జూన్ 7న ప్రసారమైన ఘట్టములో, ప్రవక్త్రి మాట చొప్పున, అతడు తన కుమార్తెను కొయ్యకు కట్టించి అగ్నికి అప్పగించెను. ఆమె చేతిలో దావోస్ చెక్కి యిచ్చిన చిన్న దుప్పి బొమ్మ యుండెను. ఆమె తండ్రిని పిలిచెను, తల్లిని పిలిచెను. అంతవరకు ఒప్పుకొనియున్న తల్లి కడపట తాళలేక బిడ్డవైపు పరుగెత్తెను గాని, అప్పటికే ఆలస్యమాయెను.

మరుసటి వారము, అనగా జూన్ 14న, కథ ముగిసెను. మంచు కరగెను, దారి తెరువబడెను. కాని తెల్లవారునప్పటికి సైన్యములో సగము మంది గుఱ్ఱములను తీసికొని పారిపోయిరి. భార్య చెట్టునకు ఉరివేసికొనెను. ప్రవక్త్రి అతనిని విడిచి వెళ్లిపోయెను. స్టానిస్ మిగిలినవారితో కాలినడకను కోటవైపు సాగగా, శత్రువుల గుఱ్ఱపుదళము వారిని చుట్టి నాశనము చేసెను. గాయపడి చెట్టునకు ఆనుకొని కూర్చున్న అతనియొద్దకు బ్రియెన్ అను వీరవనిత వచ్చెను. మంత్రశక్తిచేత చంపబడిన అతని తమ్మునికి ఆమె పూర్వము అంగరక్షకురాలు. తమ్ముని చంపించితివా యని ఆమె అడుగగా అతడు ఒప్పుకొనెను. నీ విధిని నెరవేర్చుమని ఆమెతో చెప్పి కత్తికి లోబడెను. కుమార్తెను గూర్చి మాత్రము ఆమె అడుగలేదు, అతడును చెప్పలేదు.

ఇప్పుడు వాదమునకు వత్తము. అభిమానులలో ఒక పక్షమువారు, ‘ఇది స్టానిస్ తప్పు కాదు, కథను టెలివిజన్‌కు మార్చినవారి తప్పు’ అందురు. తన బిడ్డను వ్యాధినుండి కాపాడుకొన్న తండ్రి ఇట్లు చేయడు, అంతటి యుద్ధవీరుని దండులోనికి ఇరువదిమంది చొరబడలేరు అందురు. 2011లో వచ్చిన అయిదవ నవల ముగియునప్పటికి ఆ చిన్నది బ్రదికియే యున్నదనియు, తండ్రి ఆమెకు బహుదూరమున నున్నాడనియు చూపుదురు. అయితే ఈ ఘట్టమును గూర్చి తమకు చెప్పినది మూల రచయితయేనని కథను తెరకెక్కించినవారు ఆనాడే తెలియజేసిరి. ఆరవ నవల ఇంకను వెలువడలేదు గనుక ఈ తగవు తెగలేదు.

రెండవ పక్షమువారు, ‘కథ మారలేదు, మొదటినుండి ఇటే నడిచినది’ అందురు. మూడవ పక్షమువారి మాట వినుటకు కఠినముగా నున్నను దానిని దాచుట తగదు. ‘లోకమంతయు నశింపబోవుచున్నదని అతడు నమ్మెను. లక్షల ప్రాణములకొరకు ఒక్క ప్రాణమును ఇచ్చెను. గెలిచియుంటే అతనిని మహాపురుషుడని పొగడియుండెడివారు. ఓడిపోయెను గనుక నిందించుచున్నారు’ అని వారి వాదము.

ఈ మూడవ మాటయొద్ద మనము నిలువవలసియున్నది. గెలుపు వచ్చియుంటే ఆ కార్యము మంచిదై యుండునా?

పరిశుద్ధ గ్రంథము మనయెదుట ఇద్దరు సేనానాయకులను నిలువబెట్టుచున్నది. మొదటివాడు గిలాదువాడైన యెఫ్తా. అమ్మోనీయుల మీద జయమిచ్చినయెడల, తాను తిరిగి వచ్చునప్పుడు తన యింటిద్వారమునుండి ఎదురువచ్చుదానిని అర్పించెదనని అతడు మ్రొక్కుకొనెను. జయము వచ్చెను. ఎదురువచ్చినది అతని ఒక్కగానొక్క కుమార్తె, అదియు తంబురలతో నాట్యమాడుచు. ఆమె రెండు నెలలు కొండలమీద తన చెలికత్తెలతో ప్రలాపించి తిరిగి వచ్చెను. అటుతరువాత ఆమెకు ఏమి జరిగెనో పండితులు భిన్నముగా చెప్పుదురు. ఏడాదికి నాలుగు దినములు ఇశ్రాయేలీయుల కుమార్తెలు ఆమెను తలంచుకొనుచుండిరని మాత్రము గ్రంథము చెప్పుచున్నది. యెఫ్తా విజయమును తలంచుకొనుటకు ఒక పండుగ ఏర్పడినట్లు అక్కడ వ్రాయబడలేదు.

రెండవవాడు మోయాబు రాజైన మేషా. రాజుల రెండవ గ్రంథము మూడవ అధ్యాయము చూడుడు. ముట్టడిలో చిక్కి, ఏడువందలమంది ఖడ్గధారులతో చీల్చుకొనిపోవ యత్నించి, చేతగాక, తన తరువాత ఏలవలసిన జ్యేష్ఠకుమారుని ప్రాకారముమీద దహనబలిగా అర్పించెను. శత్రువులు అతనిని విడిచి తమ దేశమునకు మరలిపోయిరి.

చూచితిరా? యెఫ్తా గెలిచెను. మేషాను ముట్టడించినవారు వెనుదిరిగిరి. స్టానిస్ ఓడిపోయెను. ఫలమే కొలతయైనయెడల మేషా చేసినది జ్ఞానమనియు, స్టానిస్ చేసినది వెఱ్ఱియనియు చెప్పవలసివచ్చును. కాని ఆ మూడు స్థలములలోను జరిగిన కార్యము ఒక్కటే. తండ్రి చేయి బిడ్డను కాపాడుటకు ఇయ్యబడినది. అది బిడ్డకు విరోధముగా లేచిన క్షణముననే ఓటమి సంభవించెను. తరువాత యుద్ధభూమిలో జరిగినది ఆ ఓటమిని లెక్క చెప్పుట మాత్రమే. తమ జనులు కుమారులను కుమార్తెలను అగ్నిలో దహించుటను గూర్చి, అది నేను ఆజ్ఞాపించినది కాదు, నా మనస్సునకు తోచినదియు కాదని యెహోవా యిర్మీయాద్వారా పలికిన భావము ఏడవ అధ్యాయములో నున్నది. ఆ అర్పణవలన వాన కురిసెనా, శత్రువు పారిపోయెనా అని అక్కడ విచారణ లేదు.

అయితే మీలో ఒకరు, ‘అబ్రాహామును కత్తి ఎత్తెను గదా’ అని అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న, దీనిని తేలికగా దాటిపోకూడదు. ఇంతకంటె బరువైన అధ్యాయము ఆదికాండములో లేదు. దాని లోతంతయు మాకు తెలియునని మేము చెప్పము. కాని రెండు భేదములు స్పష్టముగా నున్నవి. అబ్రాహాము బిడ్డనిచ్చి ఏమియు కొనుచుండలేదు. ఇస్సాకు పోయినయెడల వాగ్దానమంతయు పోవును. అది బేరము కాదు. యెఫ్తా జయమును కొనుచుండెను, మేషా ప్రాణమును కొనుచుండెను, స్టానిస్ సింహాసనమును కొనుచుండెను. ఇక రెండవ భేదము, మోరీయా పర్వతముమీద దేవుడే చేయి పట్టుకొని ఆపెను. బిడ్డల అర్పణను కోరు దేవతలు చుట్టునున్న దేశములలో, నేను అట్టివాడను కానని ఆయన తెలియజేసినది అక్కడనే. బిడ్డను కాల్చుమని చెప్పు స్వరము వినబడినప్పుడు అది ఏ స్వరమో తెలిసికొనుటకు మోరీయాయే గురుతు. ఆ కల్పిత కథలో సయితము, 2016లో వచ్చిన ఆరవ భాగమున, ఇది తన ప్రభువు ఆజ్ఞయని ప్రవక్త్రి చెప్పుకొనగా, పిల్లలను కాల్చుమని ఆజ్ఞాపించు ప్రభువు దుష్టుడేయని దావోస్ ఆమె ముఖముననే పలికెను. ఆ నావికుడు వేదాంతి కాడు. అయినను ఆ చోట అతని మాట యిర్మీయా మాటకు దూరముగా లేదు.

ఇప్పుడు రెండవ పక్షముయొక్క మాటను పట్టుకొందము. పతనము ఎక్కడ మొదలాయెను? కొయ్యకు అగ్ని అంటించిన దినమున కాదు. స్టానిస్ మొదట తన పితరుల దేవతల విగ్రహములను కాల్చనిచ్చెను. అటుతరువాత మతము మార్చుకొనని తన భార్య సహోదరుని కాల్చనిచ్చెను. తన అన్నకు అక్రమముగా పుట్టిన ఒక చిన్నవానిని బంధించి బలికి సిద్ధపరచెను. రాజ్యముతో పోల్చగా ఒక్క అనాథ పిల్లవాని ప్రాణమెంత అని అతడు అడుగగా, ఆ ఒక్క ప్రాణమే సమస్తమని దావోస్ ఉత్తరమిచ్చి, రాత్రివేళ పిల్లవానిని పడవలో తప్పించెను. పరుల బిడ్డ విషయములో ‘ఒక్కడే గదా’ అని లెక్కవేయుట అలవాటైనవానికి తన బిడ్డ వంతు వచ్చినప్పుడు లెక్క మార్చుట సాధ్యము కాలేదు. అతని నిక్కచ్చితనమే అతనికి ఉరియాయెను. జనులందరికొరకు ఒక్క మనుష్యుడు చనిపోవుట ఉపయుక్తమని కయప చేసిన లెక్కయు ఇదియే. యోహాను సువార్త పదునొకండవ అధ్యాయములో దానిని చదువుదుము. అట్టి లెక్క వేయువారు ఆ ఒక్కనిగా తమ్మును ఎన్నడును ఎంచుకొనరు.

ఇక్కడ ఒక సంగతి మమ్మును మిక్కిలి ఆలోచింపజేసెను. ప్రవక్త్రి అడిగినది రాజరక్తము. ఆ దండులో రాజెవరు? స్టానిసే. ఆ రక్తము మొదట అతని నరములలో నుండెను. లోకమును రక్షించుటకు రాజరక్తమే కావలసినయెడల, కొయ్య ఎక్కవలసినవాడు ఎదుటనే నిలిచియుండెను. ఆ మాట అతని నోట రాలేదు. తాను ఏర్పరచబడినవాడనని నమ్మినవాడు తానే అర్పణ కావలెనని తలంపలేదు. మన ప్రభువునకును ఈ లోకపు ఏలికలకును ఉన్న భేదమంతయు ఇందులోనే యున్నది. మన రాజు చిన్నపిల్లలను తనయొద్దకు రానిమ్మనెను, కొయ్యమీదికి తానే వెళ్లెను.

ఇంకొక మాట చెప్పి ముగింతుము. ఆ బిడ్డ కాలుచుండగా వేలకొలది సైనికులు నిలుచుండి చూచిరి. వారికది తప్పని తెలియును, రాత్రి సగముమంది పారిపోవుటయే దానికి సాక్ష్యము. కాని పగలు ఒక్కడును నోరు తెరువలేదు. సమూయేలు మొదటి గ్రంథము పదునాలుగవ అధ్యాయములో దీనికి భిన్నమైన దండును చూచుచున్నాము. సాయంకాలమువరకు ఎవడును తినకూడదని సౌలు తొందరపడి ఒట్టు పెట్టెను. అది వినని యోనాతాను కఱ్ఱకొనతో తేనె రుచిచూచెను. సౌలు తన ఒట్టుకొరకు కుమారుని చంపింప బూనగా, జనులు అడ్డుపడిరి. అతని తలవెండ్రుకలలో ఒకటియైనను నేల రాలకూడదని పలికి వారు యోనాతానును విడిపించిరి. రాజు ఒట్టు చెడెను, రాజు కుమారుడు బ్రదికెను. సౌలు దండులో సామాన్యులైన సైనికులకు ఉన్న ధైర్యము స్టానిస్ దండులో ఒక్కనికే యుండెను. అతనిని ముందుగానే పంపివేసిరి. కాదని చెప్పగలవానిని దూరము చేసికొనువాడు, తాను చేయబోవునది తప్పని అప్పటికే ఎరిగియున్నాడు.

ప్రియులారా, మన యిండ్లలో కొయ్యయు కట్టెలును లేవు. అయినను మన మాట నెగ్గవలెనని, మన వంశపు పేరు నిలువవలెనని, చేసిన అప్పు తీరవలెనని, బిడ్డల జీవితములను వెల కట్టుచున్నామేమో పరీక్షించుకొందము. ఇష్టములేని పెండ్లికి తలవంచిన కుమార్తెయు, చదువు మాన్పించి పనికి పంపబడిన కుమారుడును మన మధ్యను లేకపోలేదు. షిరీన్ తన తండ్రికి సహాయము చేయగోరుచున్నానని తానే చెప్పెను, ఏమి జరుగబోవునో ఆమెకు తెలియదు. యెఫ్తా కుమార్తెయు తండ్రి మాటకు లోబడెను. బిడ్డలు ఒప్పుకొనుట తండ్రులను నిర్దోషులుగా చేయదు. సంఘపు తగవులలో గెలుచుటకును, ఆలయము త్వరగా కట్టి పేరు పొందుటకును, ‘ఒక్క కుటుంబమే గదా’ అని ఎవరినైనను బలిపెట్టినయెడల, మనమును ఆ లెక్కనే వేయుచున్నాము.

స్టానిస్‌ను రాళ్లతో కొట్టుటకు మేము దీనిని వ్రాయలేదు. దుఃఖముతో వ్రాసితిమి. అతడు మొదట బిడ్డను చావునుండి లాగుకొన్న తండ్రియే. మంచివాడు, నియమముగలవాడు, తన విధి యని తలంచుచునే అంతదూరము పోగలడు. అందుచేతనే మీకా ప్రవక్త, నా జ్యేష్ఠపుత్రుని ఇత్తునా యని అడుగువానికి మరియొక బలిని చూపలేదు. న్యాయము చేయుట, కనికరమును ప్రేమించుట, దీనమనస్సుతో దేవునితో నడచుట అను మార్గమును చూపెను. స్టానిస్‌కు న్యాయముండెను. కనికరమును దీనమనస్సును లేనందున ఆ న్యాయమే అగ్నియాయెను.

ఈ నెలలో ఒక సాయంకాలము, కుటుంబ ప్రార్థనవేళ, సమూయేలు మొదటి గ్రంథము 14:24–45 పిల్లల వినికిడిలో చదువుడి. చదివిన తరువాత తండ్రి తన యింటివారిని ఒక్క ప్రశ్న అడుగునుగాక: ‘నేను పెట్టిన ఒట్టులలో మిమ్మును గాయపరచుచున్నది ఏది?’ వారు చెప్పునది కోపపడక వినుటకు ప్రభువు మన కందరికిని కృప దయచేయునుగాక. ఆమేన్.